మనిషి రంగు

ఫోటోలకు రంగులు వేసి బతికాను అంటే ఇప్పటి పిల్లలు నన్ను అదోలా చూస్తారు. రంగు వేయడమేమిటి, ఫోటోలోనే వస్తుంది కదా అంటారు. రాదు నాయనా. నా రోజుల్లో ఫోటో అంటే నలుపూ తెలుపే. పెళ్ళికూతురి చీర ఎరుపో పచ్చో, మనిషి తెలుపో చామనఛాయో ఆ కాగితం చెప్పేది కాదు. అవన్నీ మేము దూదితోనూ సన్నటి కుంచెతోనూ అద్దేవాళ్ళం. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో, కిటికీ పక్కన కూర్చుని, నా వయసంతా ఆ పనిలోనే గడిపాను.

ఆ పనికి నేను కోరి వెళ్ళలేదు. పోట్లాడటానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాను. నా నోటి సంగతి మా అమ్మకు ముందే తెలుసు. "నోరు మంచిదైతే ఊరు మంచిదయితదే" అని చిన్నప్పటి నుంచీ పోరేది. పోరి పోరి ఆమె పోయింది గానీ నా నోరు మాత్రం మారలేదు.

1969లో నాకు క్షయ అని తేలింది. అప్పుడు మా కాపురం తాండూరులో. మా ఆయన నాపరాళ్ళు నునుపు చేసే మిషను దగ్గర పనిచేసేవాడు. ఇంట్లో ఆయన తల్లి, మేమిద్దరం, మూడేళ్ళ మా బిడ్డ. మొదట్లో దగ్గు వస్తే బండల దుమ్ము అనుకున్నాం. తాండూరులో ఎవరు దగ్గినా ముందు బండల దుమ్మే అంటారు. దగ్గులో నెత్తురు కనపడ్డాక ఇక ఆ మాట అనుకోవడానికి లేకపోయింది. ఆ ఏడు తెలంగాణ గొడవలు. బళ్ళు లేవు, రైళ్ళు ఏ పూట వస్తాయో తెలియదు. ఎలాగో ఒక ప్యాసింజరు దొరికించుకుని మా ఆయన నన్ను వికారాబాద్‌కు తెచ్చి, కొండ మీది క్షయ దవాఖానలో చేర్పించాడు. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు బిడ్డను ఎత్తుకోబోతే మా అత్త వెనక్కి లాక్కుంది. "జర దూరముండు, పిల్లకు అంటుతది" అంది. ఆమె అన్నది న్యాయమే. న్యాయమే అయినా నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కొండ మీద గాలి మంచిదనేవారు. గాలి తప్ప ఇంకేమీ ఉండేది కాదు కూడా. చెట్లు, మంచు, వరండాలో వరసగా మంచాలు. రోజూ సూది, పిడికెడు మాత్రలు, ఒక గుడ్డు, పాలు. ఆదివారాలు మాత్రం కింది నుంచి మనుషులు వచ్చేవారు. పొద్దున్నే తలలు దువ్వుకుని దారి మలుపు వైపు చూస్తూ కూర్చునేవాళ్ళం. మా ఆయన మొదట్లో నెలనెలా వచ్చాడు. తర్వాత పండగలకు వచ్చాడు. ఆ తర్వాత ఎవరి చేతనో కందిపప్పు మూట పంపడం మొదలుపెట్టాడు. దవాఖానలో కందిపప్పుతో నేనేం చేసుకోను! వంటామెకు ఇచ్చేదాన్ని. తాండూరు పప్పు అని ఆమె మురిసిపోయేది. పిల్లలను పైకి రానివ్వరు కాబట్టి నా బిడ్డ ముఖం చూసింది లేదు. ఎంత ఎదిగింది, జుట్టు పెరిగిందా, రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది అని పప్పు తెచ్చినవాళ్ళను అడిగితే "మంచిగున్నది" అనేవారు. అంతకు మించి మగవాళ్ళ దగ్గర పిల్లల కబురు దొరకదు.

చేసే పని లేక ముఖాలు చూస్తూ ఉండేదాన్ని. పొద్దున పాలిపోయి ఉన్న ఆడవాళ్ళకు పొద్దువాలే వేళకు చెంపలు ఎర్రబడేవి. కళ్ళు మెరిసేవి. కొత్తగా చూసినవాళ్ళు ఎంత కళగా ఉందో అనుకునేవారు. అది కళ కాదు, జ్వరం. ఆ ఎరుపు ఎవరికి రోజురోజుకూ పెరిగేదో వాళ్ళ మంచం కొన్నాళ్ళకు ఖాళీ అయ్యేది. నాకది మెల్లగా తగ్గి, ఆగిపోయింది. ఏడాది దాటాక డాక్టరు ఇక ఇంటికి వెళ్ళవచ్చు, నీ వల్ల ఎవరికీ ఏమీ కాదు అని చెప్పాడు. ఆ పూట నేను అన్నం కూడా తినలేకపోయాను, అంత సంతోషం.

కానీ మా అత్త భయం నాకు తెలుసు. ఆమె ఒప్పుకుంటేనే మా ఆయన వచ్చి తీసుకుపోతాడు. ఆయన తీసుకుపోతేనే నాకు బిడ్డ. ఉత్తరం రాద్దామంటే ఆమెకు చదువు రాదు. ఎవరో చదివి వినిపించినా నమ్మే మనిషి కాదు. కంటితో చూస్తే నమ్ముతుంది కదా అనిపించింది. అలా ఫోటో తీయించుకోవాలన్న ఆలోచన వచ్చింది.

ఆదివారాల్లో ఒక ముసలాయన కెమెరా సంచి భుజానికి తగిలించుకుని కొండెక్కి వచ్చేవాడు. స్టేషన్ రోడ్డులో స్టూడియో ఆయనదే. అందరూ చాచా అని పిలిచేవారు. నయమైనవాళ్ళను మెట్ల మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసేవాడు. నేను ఆకుపచ్చ చీర కట్టుకుని, బొట్టు కొంచెం పెద్దగానే పెట్టుకుని కూర్చున్నాను.

"చాచా, నాకు నల్ల ఫోటో వద్దు. రంగులెయ్యి. నేను మంచిగైనట్టు కనవడాలె. మా అత్త చూసి, కోడల్ని రేపే తోల్కరాపో అనాలె."

"ఫికర్ చెయ్యకు బేటీ. గులాబ్ లెక్క చేస్త" అన్నాడు.

ఫోటో తిరిగి కొండెక్కి నా చేతికి వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. రంగు ఆరగానే అటునుంచి అటే తాండూరుకు పోస్టు చేయమని చిరునామా చెప్పాను. సామాను మూట కట్టుకుని మంచం కింద పెట్టుకున్నాను. పక్క మంచాలవాళ్ళు తలా ఒక మాటా అని ఏడిపించారు. మూటలో ఏముంది, రెండు చీరలు, ఒక దువ్వెన, బిడ్డకని దారంతో అల్లిన టోపీ. అది ఆమె తలకు సరిపోతుందో లేదో తెలియకుండానే అల్లాను.

మా ఆయన వానలో వచ్చాడు. బల్లకు ఆ చివరన కూర్చున్నాడు. తాండూరులో కూడా వానలు బాగానే ఉన్నాయని చెప్పాడు. తర్వాత జేబులోంచి ఫోటో తీసి మా ఇద్దరి మధ్య పెట్టాడు.

"అమ్మ చూసింది. గిది మాపటి జరం రా అన్నది. మీ అన్నకు గిట్లనే చెంపలు ఎర్రగుండె, అందరు మంచిగైండు మంచిగైండు అన్నరు, నెల తిరగలే అన్నది. ఒక్కతీరుగ ఏడుస్తున్నది. నేనేం చెయ్యాలె?"

ఆయనకు ఒక అన్న ఉండేవాడని, నేను కాపురానికి రాకముందే పోయాడని తెలుసు. దేనితో పోయాడో ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఫోటో చేతిలోకి తీసుకున్నాను. చీర బాగుంది. బొట్టు బాగుంది. రెండు చెంపల మీద గుండ్రంగా నిగనిగలాడే ఎరుపు. వార్డులో పొద్దువాలే వేళ నేను రోజూ చూసిన ఎరుపే అది. చాచా ఆరోగ్యం అనుకుని నా ముఖం మీద జ్వరం వేసి పంపాడు.

"డాక్టర్ను అడుగరాదు" అన్నాను.

"అడిగిన. మంచిగైందనే అన్నడు. అమ్మ నమ్మదు. కొన్నిదినాలు మీ అన్న ఇంట్ల ఉండు. తర్వాత చూద్దాం."

"బిడ్డ నన్ను అడుగుతున్నదా?"

ఫోటోను నా చేతిలోనే వదిలేసి, వాన తగ్గక ముందే లేచి వెళ్ళిపోయాడు. ఫోటో లేకపోయినా ఆయన ఇంకేదో సాకు తెచ్చేవాడేమో, నాకు తెలియదు. నేను మాత్రం తప్పు ఫోటోదే అని పట్టుకున్నాను. కాగితం మీద కోపం అయితే ఎన్నాళ్ళయినా మోయవచ్చు. బిడ్డను పెంచుతున్న మనిషి మీద కోపం పెట్టుకుంటే ఆ శాపం ఎటు తిరిగి ఎవరికి తగులుతుందోనని భయం.

మర్పల్లి దగ్గర ఊళ్ళో మా అన్న ఇంటికి వెళ్ళాను. వదిన మంచిదే. నాకు వేరే కంచం, వేరే చెంబు పెట్టింది. కంచం కడిగి ఎండలో పెట్టేది. నేను చూస్తుండగా పెట్టేది కాదు పాపం, నేను పెరట్లోకి వెళ్ళినప్పుడు పెట్టేది. అయినా ఇల్లు ఎంత, పెరడు ఎంత, అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు ఆ ఫోటో పట్టుకుని బస్సెక్కి వికారాబాద్ వెళ్ళాను. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, అందరి మీద ఉన్న కోపమూ తీసుకెళ్ళి చాచా మీద పడేశాను.

"నీకు కండ్లున్నయా? నేను బతికొచ్చిన అని చెప్పమంటే సస్తున్న అని రాసి పంపితివి కదా! నా సంసారం ఆగం చేసినవు" అని స్టేషన్ రోడ్డంతా వినపడేలా అరిచాను. ఫోటో తీయించుకోవడానికి పౌడరు రాసుకుని కూర్చున్న ఒక జంట భయపడి లేచి వెళ్ళిపోయారు. చాచా నన్ను ఆపలేదు. నా గొంతు పోయేదాకా ఆగి, కుర్చీ జరిపాడు.

"కూసో బేటీ. పానీ తాగు. మా ఇండ్ల ఆ బీమారి ఎవ్వలకు రాలే. లాల్ అంటే తందురుస్తీ, మనిషి మంచిగున్నట్టు అనే నాకు తెలుసు. నువ్వెయ్యి మరి. ఎట్లుండాలెనో నువ్వే ఎయ్యి" అన్నాడు.

ఆయన అంత మెత్తగా మాట్లాడితే నాకు ఇంకా కోపం వచ్చింది. కానీ దూది తీసుకున్నాను. కర్పూరతైలంలో ముంచి రుద్దితే చెంపల మీది ఎరుపు మెల్లగా దూదిలోకి వచ్చేసింది. కింద నా ముఖం బూడిదరంగులో తేలింది. రంగుల ట్యూబుల్లో ఒకదాని మీద ఇంగ్లీషులో మాంసం అని రాసి ఉంటుందని చాచా చెప్పాడు. వాళ్ళు ఏమన్నా అనుకోని, మేము దాన్ని మనిషి రంగు అనేవాళ్ళం. దాన్ని ఉన్నదున్నట్టు పూస్తే అందరూ బొమ్మల్లా ఉంటారు. కొంచెం పసుపు, కొంచెం మట్టిరంగు చేర్చి ఎవరి రంగు వాళ్ళకు కలపాలి. ఆ రోజు నాకవేమీ తెలియవు. వార్డులో నయమవుతున్న ఆడవాళ్ళ ముఖాలు మాత్రం తెలుసు. నయమయ్యేటప్పుడు ఎరుపు చెంపల్లో కనిపించదు. పెదవుల లోపలి అంచుకు, చెవి తమ్మెలకు మెల్లగా వస్తుంది. అక్కడే పెట్టాను. నుదుటి మీద కొంచెం పసుపు. సాయంత్రానికి ఫోటోలో బతికి ఉన్న ఆడమనిషి ఒకతె కనిపించింది. అదే మొదటిసారి ఫోటోలో నన్ను నేను చూసుకోవడం.

ఆ ఫోటో తాండూరుకు పంపాలనుకున్నాను. వానాకాలం కాబట్టి రంగు ఆరడం ఆలస్యమైంది. అది ఆరేలోపే మా అన్న నన్ను వెతుక్కుంటూ స్టూడియోకు వచ్చి కబురు చెప్పాడు. మా ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడట.

నేను మర్పల్లి తిరిగి వెళ్ళలేదు. చాచా తన దగ్గరే రంగులు వేసే పని ఇచ్చాడు, స్టూడియో వెనక సందులో ఒక గది తీసుకున్నాను. మొదటి రోజు చాచా భార్య నన్ను భోజనానికి పిలిచింది. వాళ్ళు నేల మీద గుడ్డ పరిచి, మధ్యలో పెద్ద పళ్ళెం పెట్టుకుని, అందరూ అందులోంచే తింటారు. నేను దూరంగా కూర్చుని నాకు వేరే కంచం ఇవ్వమన్నాను. చాచి నా చెయ్యి పట్టుకుని పళ్ళెం దగ్గరికి లాగింది. "ఏక్ ఘర్ మే దో దో కంచాలు ఎందుకే" అని కసురుకుంది. ఆమె వేళ్ళ పక్కన నా వేళ్ళు పెట్టి తిన్నాను. ఏడుపు వస్తుంటే కూర కారంగా ఉందని చెప్పాను.

బిడ్డను చూడాలని ఒకసారి తాండూరు వెళ్ళాను. ఆపుకోలేక వెళ్ళాను. మా అత్త గుమ్మంలోనే కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చింది. బిడ్డ లోపలి నుంచి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది. పొడుగైంది. ఎవరే అని అడిగింది. మా అత్త ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "దవాఖాన అత్త" అంది. నేను చెయ్యి చాచితే పిల్ల బెదిరి, లోపల నిలబడ్డ కొత్త కోడలి కొంగులో దూరింది. ఆ అమ్మాయి పిల్ల తల నిమిరింది. అలవాటుగా నిమిరింది, నాకు చూపించడానికి కాదు. నా నోరు ఆ రోజు ఎక్కడికి పోయిందో తెలియదు. నీళ్ళు తాగి వచ్చేశాను. పిల్లకు తల్లి ఉంది. నేను వెళ్ళి నిజం చెబితే ఉన్న తల్లి పోతుంది, నేనేమో ఆ చోటికి రాలేను. అలా అనుకుని మళ్ళీ వెళ్ళలేదు. అనుకోవడం ఒక్కసారే, వెళ్ళకుండా ఉండటం మాత్రం రోజూ చేయాల్సి వచ్చేది. తాండూరు వైపు ప్యాసింజరు కూత పెట్టినప్పుడల్లా కుంచె పక్కన పెట్టి, రైలు పోయాక మళ్ళీ తీసుకునేదాన్ని.

పని మాత్రం బాగా సాగింది. పర్దా ఇళ్ళ ఆడవాళ్ళ ఫోటోలు పరాయి మగవాడి చేతిలో గంటల తరబడి ఉండటం ఎవరికీ ఇష్టముండదు. ఆడమనిషి రంగులు వేస్తోందని తెలిశాక అలాంటి ఇళ్ళ నుంచి ఫోటోలు నా దగ్గరికే వచ్చేవి. చాచి బుర్ఖా కింద దాచి తెచ్చేది, పనయ్యాక అలాగే తీసుకుపోయేది. వీధిలో ఎవరూ చూడని ముఖాలు నేను చూసేదాన్ని. పూడూరు నుంచి ఒక రైతు తన ఎద్దుతో కలిసి దిగిన ఫోటో తెచ్చాడు. "నన్నెట్లన్న చెయ్యి గని ఎద్దు మాత్రం తెల్లగుండాలె" అన్నాడు. ఎద్దుకు అంత కష్టపడి రంగు వేశాను, ఆ పక్కన ఆయన ఎవరో పాలేరులా మిగిలిపోయాడు. అయినా చూసి మస్తున్నదన్నాడు.

రంగు వేయడం అంటే చీరకూ చొక్కాకూ వేయడం కాదని మెల్లగా అర్థమైంది. అవి ఎవరైనా వేస్తారు. పని అంతా ముఖంలో ఉంటుంది. దుఃఖం కళ్ళలో ఉంటుందంటారు గానీ, నేను చూసినంతలో కంటి కింద ఉంటుంది. అక్కడి బూడిదరంగు మీద ఒక్క చుక్క పసుపు వేసి దూదితో అద్దితే మనిషి కంటి నిండా నిద్రపోయి లేచినట్టు తేరుకునేవాడు. ముందే ఫోటోను మందునీళ్ళలో ముంచి మట్టిరంగుకు తిప్పితే ముఖాలకు వెచ్చదనం వచ్చేది. ఆ మందుకు మురిగిన గుడ్ల వాసన. ఆ వాసన నా చీరల్లో ఎప్పుడూ ఉండేది. పోయినవాళ్ళ ఫోటోలకు వెనక లేత నీలం వేసేవాళ్ళం. ఒక మనిషికి వెనక నీలం వేస్తే చాలు, ముందు నవ్వుతున్నా సరే, చూసేవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడేవారు.

ఊళ్ళో తిరుగుతుంటే నేను రంగు వేసిన ముఖాలు ఎదురయ్యేవి. ఎవరి గడ్డం కింద పుట్టుమచ్చ ఉందో, ఎవరికి ఒక కనుబొమ్మ పలచనో నాకు తెలుసు. వాళ్ళకు నేనెవరో తెలియదు. ఒకసారి కూరగాయల బజారులో ఒకామెను చూసి చుట్టాన్ని చూసినట్టు నవ్వేశాను. ఆమె కొంగు సర్దుకుని, సంచి దగ్గరికి లాక్కుని వెళ్ళిపోయింది. గదికి వచ్చి తలుపేసుకుంటే మాట్లాడటానికి గోడలే ఉండేవి. నాలాంటి నోరున్న మనిషికి అంతకంటే శిక్ష లేదు.

1980 వచ్చేసరికి రంగు ఫిల్ములు మొదలయ్యాయి. వాటిని కడగడానికి హైదరాబాద్ పంపేవారు. చాచా కళ్ళకు పొరలు కమ్మి పని మానేశాడు, స్టూడియో ఆయన కొడుకు చూసుకునేవాడు. నా పని తగ్గింది. అప్పుడే తాండూరులో ఒకాయన కొత్తగా స్టూడియో పెట్టాడు. అవతలి కన్నడ వైపు నుంచి వచ్చినవాడు, మాటమాటకూ అవునా అనడానికి హౌదా అనేవాడు. తాండూరు పాత సంగతులేవీ ఆయనకు తెలియవు. ఆయన నలుపు తెలుపు ఫోటోలు రైల్లో తెచ్చి నాకిచ్చి, రంగులు వేశాక తీసుకుపోయేవాడు. ఏ బట్ట ఏ రంగో ఫోటో వెనక పెన్సిలుతో రాసుకొచ్చేవాడు.

ఒకరోజు ఆయన తెచ్చిన ఫోటోల్లో ఒక కుటుంబం ఫోటో ఉంది. కొత్తగా కట్టుకున్న ఇంటి ముందు, నాపరాళ్ళ అరుగు మీద తీసిన ఫోటో. మధ్యలో కుర్చీలో మా అత్త, బాగా ముసలిదైపోయింది. వెనక మా ఆయన, జుట్టు నెరిసింది. పక్కన ఆయన మళ్ళీ చేసుకున్న ఆమె, ముందు వాళ్ళ ఇద్దరు మగపిల్లలు. ఆమె పక్కన లంగా ఓణీ వేసుకుని మా బిడ్డ. నా అంత ఎత్తు ఉంది. ఫోటోను వెనక్కి తిప్పి చూశాను. ముసలామె చీర ఇటుక రంగు, ఆమె చీర ఆకుపచ్చ, పిల్ల లంగా వంకాయ రంగు, ఓణీ పసుపు, అందరూ చామనఛాయ అని రాసి ఉంది.

నా బిడ్డ రంగు నాకు తెలియదు. అది ఆ రోజు తెలిసింది నాకు. మూడేళ్ళప్పటి రంగు గుర్తుంది, అది ఎవరికీ నిలవదు. ఎండలో బడికి నడిచి నల్లబడిందో, నా తల్లిలా పసిమి తేలిందో, ఆ కాగితంలో బూడిదరంగు తప్ప ఏమీ లేదు.

మిగతా అందరికీ నిజాయితీగా వేశాను. నాకు నోరు చెడ్డదే గానీ కుంచె చెడ్డది కాదు. మా ఆయనకు ఆయన రంగు వేశాను. మా అత్త ముడతల్లో మట్టిరంగు జాగ్రత్తగా దించాను. ఆమెకు, నా ఇంట్లో ఉన్న ఆమెకు, చామనఛాయ చక్కగా కలిపి వేశాను. అన్నీ అయ్యాక బిడ్డ ముఖానికి విడిగా రంగు కలిపాను. నుదుటికి లేత పసుపు, ముక్కు మీద చిన్న వెలుగు, చెవి తమ్మెకు ఎరుపు నీడ, పెదవుల లోపలి అంచుకు తడి. రోజూ కాసేపు ఆమె ముందు కూర్చునేదాన్ని. పనయిపోయినా ఇంకా ఏదో మిగిలిందని కూర్చునేదాన్ని. తిన్నావా, బడిలో ఎవరు నీ జత, జ్వరం వస్తే ఎవరు లేస్తారు అని అడిగేదాన్ని. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, అనుకోనివ్వండి. నేను వేసిన ఫోటోలన్నిటిలో అంత అందమైన ముఖం ఇంకొకటి లేదు.

చాచాను కూర్చోబెట్టి ఆ ఫోటో చూపించాను. కంటికి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఆ పిల్ల ఎవరో నేను చెప్పలేదు.

"బహుత్ ఖూబ్. గని బేటీ, ఈ ఫోటోల ధూప్ ఏ దిక్కు నుంచి పడ్తున్నది?"

"ఎండ ఎడమ దిక్కు నుంచి. అందరికీ అట్లనే పడ్డది."

"మరి ఈ పిల్ల ఒక్కదాని మీదనే ఎందుకున్నది?"

నీ కళ్ళు పోయాయిలే అని విసుక్కుని ఫోటో లాక్కున్నాను. అలాగే తాండూరు పంపేశాను. ఆ గోడ మీద, ఆ ఇంట్లో, వచ్చేపోయేవాళ్ళందరి ముందు నా బిడ్డ నేను చూసినట్టు ఉంటుంది. ఆ ఇంట్లో నాదంటూ అదొక్కటి ఉంటుంది. నాకు అదే కావాలి.

కొన్నాళ్ళకు తాండూరాయన వచ్చాడు. ఆ ఫోటో ఆయన చేతిలో ఉంది.

"దీన్ని జర సరిచెయ్యాలమ్మ. ఆ ఇంటామె పిల్లను తోల్కొని దుకాణంకొచ్చింది. పిల్ల మస్తున్నది, గని ఒక్కతే ఎండల నిలవడ్డట్టున్నది, మేమంత నీడల ఉన్నట్టున్నం అన్నది. చూసెటోళ్ళు ఈ పిల్ల వీళ్ళ పిల్ల కాదనుకుంటరు అన్నది. నా బిడ్డ నా పక్కకు నిలవడితే నా లెక్క ఉండాలె, నాకేసిన రంగే దానికి వెయ్యమను అన్నది."

"కోపానికొచ్చిందా?"

"లేదమ్మ. నవ్వుకుంటనే చెప్పింది. పిల్ల భుజం మీద చెయ్యేసుకొని చెప్పింది."

ఆయన వెళ్ళాక ఫోటో ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా వల్ల కాదు, ఇంకెవరితోనైనా చేయించుకోండి అని కబురు పంపుదామనుకున్నాను. ఆమె చెడ్డదై ఉంటే నాకు ఎంతో ఊరటగా ఉండేది. సవతి బిడ్డను నలుగురిలో వేరు చేసి చూపించే అవకాశం దానంతట అదే చేతికి వస్తే, ఆమె దాన్ని తిప్పి పంపింది. అది తల్లి అడిగే మాట. నేను ఆ ఇంట్లో ఉండి ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. ఆమె మీద ఎంత అసూయ పుట్టిందో అంత కృతజ్ఞత కూడా పుట్టింది.

దూది తీసుకుని బిడ్డ ముఖం తుడిచాను. వానల చెమ్మకు రంగు ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు, తేలిగ్గానే వచ్చింది. ముందు నుదుటి మీది పసుపు పోయింది, తర్వాత పెదవులు, చివరికి చెవి తమ్మె. ఏడుస్తూనే తుడిచాను. కన్నీళ్ళు పడితే కాగితం పాడవుతుందని ముఖం పక్కకు తిప్పుకుని తుడిచాను. ఆమెకు కలిపిన చామనఛాయను గాజుపలక మీద మళ్ళీ కలిపాను. అంతే పసుపు, అంతే మట్టిరంగు. ఆమె ముఖం పక్కన పెట్టి పోల్చుకుంటూ బిడ్డకు అద్దాను. అద్దుతుంటే పిల్ల మెల్లగా వెనక్కి జరిగి వాళ్ళలో కలిసిపోయింది. తమ్ముళ్ళకు అక్క అయింది, ఆమెకు కూతురైంది. కొత్తవాళ్ళు ఆ ఫోటో చూస్తే ఒకే ఇంటి మనుషులు అంటారు. ఎవరిమీదా కళ్ళు ప్రత్యేకంగా ఆగవు.

తర్వాతిసారి తాండూరాయన వేరే ఫోటోలు పట్టుకుని వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగాను.

"ఆ ఫోటో ఏమైంది? మెచ్చిన్రా?"

"మస్తు మెచ్చిన్రమ్మ. పిల్లయితే ఎంతసేపో చేతుల పట్టుకొని చూసింది. ఇప్పుడు అచ్చం మా అమ్మ లెక్కున్న అన్నది."

నా పనికి అంతకు మించిన మెచ్చుకోలు నేను వినలేదు. మంచిది అని చెప్పి, ఆయన తెచ్చిన కొత్త ఫోటోలు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాను.